మూడేళ్లకో కొత్త రోడ్డు: కాలనీ సంఘాలకు పనికొచ్చే చిట్కాలు

కాలనీ సంక్షేమ సంఘానికి కొత్తగా ఎన్నికైన అధ్యక్ష, కార్యదర్శులకు అభినందనలు. మీ హయాంలో మీ గల్లీకి సీసీ రోడ్డు పడాలి. మీ తర్వాత వచ్చేవాళ్ల హయాంలో మళ్లీ పడాలి. రోడ్డు పడటం వేరు, రోడ్డు ఉండటం వేరు. ఉన్న రోడ్డును ఎవరూ పట్టించుకోరు. పడుతున్న రోడ్డు చుట్టూ మాత్రం జనం మూగుతారు, ఫొటోలు దిగుతారు, వాట్సాప్ గ్రూపులో దండాల బొమ్మలు కురిపిస్తారు.

నిజాం జమానాలో హైదరాబాద్‌లో సిమెంటు రోడ్లు వేసిన ఇంజనీర్లకు ఈ సూక్ష్మం తెలియలేదు. వాళ్ల రోడ్లు దశాబ్దాల తరబడి చెక్కుచెదరకుండా పడి ఉన్నాయి. దాంతో తరాల తరబడి నాయకులకు వాటి మీద కొబ్బరికాయ కొట్టే భాగ్యం దక్కలేదు. అలాంటి అన్యాయం మీ గల్లీలో జరక్కుండా ఉండాలంటే ఈ కింది సలహాలు పాటించండి. ఇవి హైదరాబాద్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి. విజయవాడ, విశాఖ, వరంగల్ వాసులు ఆఫీసుల పేర్లు మార్చుకుని వాడుకోవచ్చు.

మొదటి భాగం: ప్రణాళిక

1. ముందు ముహూర్తం, తర్వాత ఎస్టిమేట్

తెలియనివాళ్లు ముందు సర్వే చేయించి, ఎస్టిమేట్ వేయించి, పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు తెచ్చుకుని, టెండరు పిలిచాక శంకుస్థాపన పెట్టుకుంటారు. ఇది తలకిందుల పద్ధతి. ముందు శంకుస్థాపన తేదీ ఖాయం చేయండి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. సోమలింగం పేరు శిలాఫలకం మీదికి ఎక్కాక ఆలు కోసం ఆఫీసులే వెతుకుతాయి.

శిలాఫలకం మీద పేర్ల వరస కోసం కనీసం మూడు సమావేశాలు కేటాయించండి. ఎంపీ పేరు పైనా, ఎమ్మెల్యే పేరు పైనా, ఎమ్మెల్సీని ఏ వరసలో పెట్టాలి, మాజీ కార్పొరేటర్‌ను పిలవాలా వద్దా అన్నవి తేల్చుకోండి. రోడ్డు మందం ఎంత అన్నది చర్చకు రాకుండా చూసుకోండి. అది వస్తే సమయం చాలదు. ఫలకానికి గ్రానైటే వాడాలి. రోడ్డు పోయినా ఫలకం మిగలాలి కదా.

2. కింద ఏముందో అడగొద్దు

రోడ్డంటే పైకి కనబడేది. కింద ఏముందన్నది రోడ్డుకు సంబంధించిన విషయం కాదు. అది జలమండలి విషయం. మన నగరంలో మంచినీళ్లు, మురుగు చూసుకునేందుకు 1989లోనే జలమండలిని విడిగా ఏర్పాటు చేశారు. రోడ్డు నగరపాలక సంస్థది, రోడ్డు కింది పైపు జలమండలిది, స్తంభం విద్యుత్ సంస్థది, స్తంభానికి చుట్టుకున్న తీగలు ఎవరివో దేవుడికే తెలియాలి. ఇంతమందిని ఒకే రోజు ఒకే గల్లీలో నిలబెట్టి మాట్లాడిస్తే పని అక్కడే తెమిలిపోతుంది. కాబట్టి ఆ పని చేయకండి.

ముఖ్యంగా డ్రైనేజీ లైను వయసు ఎంతని లైన్‌మన్‌ను అడగొద్దు. ఆయన నిజం చెప్పేస్తాడు. గల్లీకి రెండు వైపులా పెంకుటిళ్లు, డాబాలు ఉన్న రోజుల్లో వేసిన లైను అది. ఇప్పుడు డాబాల స్థానంలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు వచ్చాయి. ఇల్లు మారింది, ఇంట్లో మనుషుల సంఖ్య మారింది, బాత్‌రూముల సంఖ్య అయితే చెప్పనక్కర్లేదు. పైపు మాత్రం అదే. దాని మీద కొత్త రోడ్డు వేస్తే, ఏడాది తిరిగేలోపు మ్యాన్‌హోల్ పొంగుతుంది. అప్పుడు తవ్వుతారు. తవ్వితే కొత్త రోడ్డు అడగొచ్చు.

బెంగళూరులో కొన్ని రోడ్లకు టెండర్ ష్యూర్ అని ఒక పద్ధతి పెట్టారు. నీళ్లు, మురుగు, కరెంటు, కేబుళ్లకు ముందే చోటు చూసి, తీగలను ఫుట్‌పాత్ కింద గొట్టాల్లోకి పంపి, ఆ తర్వాతే పైన పరిచారు. మళ్లీ తీగ వేయాలంటే రోడ్డు తవ్వక్కర్లేదు. నగర రోడ్లలో ఏ సర్వీసు ఎక్కడ వెళ్లాలో చెప్పేందుకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కూడా ఐఆర్‌సీ 98 అని ఒక పుస్తకమే వేసింది. ఆ పుస్తకం మీ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారి బల్ల మీద కనబడితే దానిపై టీ గ్లాసు పెట్టండి.

3. రోడ్డుకు రెండు వెడల్పులు ఉంచుకోండి

ప్రతి గల్లీకీ రెండు వెడల్పులు ఉండాలి. ఒకటి కాగితం మీద, ఒకటి కంటి ముందు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం ఎంత వెడల్పు రోడ్డు మీద ఎంత ఎత్తు ఇల్లు కట్టవచ్చో లెక్క ఉంది. కాబట్టి అపార్ట్‌మెంట్‌కు పర్మిషన్ తెచ్చుకునే రోజున మీ రోడ్డు నిండు ముప్పై అడుగులు. సీసీ రోడ్డు వేసేందుకు టేపు పట్టిన రోజున ఇరవై.

మిగతా పది అడుగులు ఎటు పోయాయని అడిగేవాడు కాలనీకి శత్రువు. కారు ఎక్కే ర్యాంపు, మూడు మెట్లు, జనరేటర్, తులసికోట, గేటు బయట పూలమొక్కలకు కట్టిన పిట్టగోడ, వాచ్‌మన్ గది, ఇస్త్రీ బండి: ఇవన్నీ పవిత్రమైనవి. రోడ్డు వాటి మధ్య నుంచి వంకర తిరిగి పోవాలి. ఫుట్‌పాత్ అన్న మాట ఎత్తొద్దు. నివాస ప్రాంతాల్లో కూడా నడవడానికి అడ్డంకి లేకుండా 1.8 మీటర్లు వదలాలని ఐఆర్‌సీ 103 చెబుతుంది. అంటే ఇంచుమించు ఆరడుగులు. ఆరడుగులు వదిలితే ఒక కారు నిలుపుకోవచ్చు. నడిచేవాళ్లకు కారు లేదు కాబట్టి సంఘంలో వాళ్లకు ఓటూ లేదు.

4. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేయండి

పాత రోడ్డును గీకి తీసేసి, కింద గట్టిచేసి, పాత మట్టంలోనే వేయాలంటే ఖర్చు, చెత్త ఎత్తిపోసే పని, పైగా ఆలస్యం. మీద ఇంకో పొర వేస్తే ఒక రాత్రిలో అయిపోతుంది. ప్రతిసారీ నాలుగంగుళాలు లేస్తుంది, అంతే. నాలుగుసార్లు వేశాక మీ ఇంటి అరుగు రోడ్డుకు అడుగుకు పైగా కిందికి పోతుంది. వాన వస్తే నీళ్లు దారి తెలియక గేటు లోపలికి వస్తాయి. వాస్తు సిద్ధాంతి గారు కూడా వస్తారు. ఇల్లు పల్లంలో పడిందని చెప్పి ఇల్లు ఎత్తమంటారు. జాకీలతో ఇల్లు లేపేవాళ్లు దొరుకుతున్నారు. పక్కింటాయన కూడా ఎత్తుకుంటాడు. ఇక రోడ్డుకూ ఇళ్లకూ పోటీ. ఏది ముందు ఆకాశాన్ని తాకుతుందో మీ మనవలు చూస్తారు.

2021లో తమిళనాడు ప్రధాన కార్యదర్శి, పాత పొర గీకి తీశాకే కొత్త పొర వేయాలని, రోడ్డు మట్టం పెరగకూడదని ఆదేశించారు. మన దగ్గర అంత కచ్చితంగా ఎవరైనా మాట్లాడితే, ‘ఆ పద్ధతి మన నేలకు సరిపడదండీ’ అనేయండి. ఏ నేలకు ఏది సరిపడుతుందో ఎవరూ తిరిగి అడగరు.

5. నీటికి దారి చూపడం మీ పని కాదు

1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి నగరానికి వరద నుంచి రక్షణకూ, మురుగు పారుదలకూ ప్రణాళికలు వేయించారు. ఆయన నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయో ముందు చూశాడు. అంత ఓపిక మనకెందుకు? వానాకాలం నాలుగు నెలలే కదా. మిగతా ఎనిమిది నెలలు రోడ్డు పొడిగానే ఉంటుంది.

కాంక్రీటు రోడ్డుకు నడుమ నుంచి అంచులకు నూటికి రెండు పాళ్ల వాలు ఉండాలంటారు. వాలు పెడితే నీళ్లు అంచుకు పోతాయి. అంచున మోరీ ఉండాలి. మోరీ పక్క గల్లీ మోరీలో కలవాలి. అది నాలాలో కలవాలి. నాలా మీద ఎవరిదో ఇల్లు ఉంటుంది. చూశారా, ఒక వాలు పెడితే ఎంతమందితో తగవో? అందుకని రోడ్డును బల్లపరుపుగా వేయించండి. గోడ నుంచి గోడకు కాంక్రీటు నింపేస్తే మట్టి కనబడదు, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, ఒక్క చుక్కా భూమిలోకి ఇంకదు.

2020 అక్టోబర్ 13, 14 తేదీల్లో హైదరాబాద్ కాలనీలు చెరువులయ్యాక నాలాల కోసం ప్రత్యేకంగా ఒక కార్యక్రమమే పెట్టారు. మీకు అంత పెద్ద పథకం అక్కర్లేదు. మీ గల్లీ నీళ్లు పక్క కాలనీలోకి పోయేలా ఎత్తు చూసుకుంటే చాలు. నీళ్లు మరీ నిలిచిపోతే మ్యాన్‌హోల్ మూత ఎత్తే ఆచారం ఎలాగూ ఉంది. వాన నీళ్లు మురుగు లైనులోకి పోతాయి, దిగువ గల్లీలో పొంగుతాయి, మూత లేని గుంత నీళ్ల కింద కనబడదు. మూత ఎత్తినవాడి పేరు ఎవరికీ తెలియదు. పడిపోయినవాడి పేరు మాత్రం మర్నాడు పేపర్లో వస్తుంది.

రెండో భాగం: పైసలు

6. డబ్బు ఎవరిదో ఎవరికీ అర్థం కాకూడదు

గల్లీ రోడ్డుకు డబ్బు నాలుగైదు జేబుల నుంచి రావచ్చు. నగరపాలక సంస్థ సొంత నిధులు, అంటే మీరు కట్టిన ఇంటిపన్ను. ఎమ్మెల్యే నియోజకవర్గ అభివృద్ధి నిధి. ఎంపీ నిధి, ఏడాదికి 5 కోట్లు. కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు. ఇవన్నీ చివరికి జనం డబ్బే. కానీ ఆ మాట ఫ్లెక్సీ మీద ఎక్కడా రాయకండి. ‘ఫలానా వారి కృషితో’ అని రాయండి. జేబులు కలిపేయండి కూడా. మొదటి సగం ఒక నిధి, రెండో సగం మరో నిధి అయితే ఏ ముక్క ఎవరు చూడాలో తేలదు. గుంత సరిగ్గా ఆ రెండు ముక్కల మధ్య పడుతుంది.

అప్పు తెచ్చి వేయించుకోవచ్చా అని చదువుకున్న కుర్రాళ్లు అడుగుతారు. 2018లో జీహెచ్‌ఎంసీ 8.9 శాతం వడ్డీకి 200 కోట్ల బాండ్లు జారీ చేసింది. ఆ డబ్బు ఫ్లైఓవర్ల వంటి పెద్ద పనులకు. అప్పిచ్చేవాడు లెక్క అడుగుతాడు, రేటింగ్ అడుగుతాడు, ప్రతి ఏటా వడ్డీ అడుగుతాడు. అలా లెక్కలడిగే మనిషిని గల్లీలోకి రానివ్వడం మంచిది కాదు.

7. పన్ను పెంచితే ధర్నా, రోడ్డు వేయకపోతే ధర్నా

రెండు ధర్నాలకూ ఒకే టెంటు, ఒకే మైకు, ఒకే కుర్చీలు. ఖర్చు కలిసొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో అద్దె విలువను వదిలి ఆస్తి మూలధన విలువ మీద ఇంటిపన్ను లెక్కగట్టడం మొదలుపెట్టి, పెంపు ఏడాదికి 15 శాతం దాటకుండా హద్దు పెట్టారు. దానికే ఎంత గొడవైందో తెలుసు. ఇల్లు అమ్మేటప్పుడు గజం ధర ఆకాశంలో ఉండాలి, పన్ను కట్టేటప్పుడు పాతాళంలో ఉండాలి. ఏప్రిల్‌లోనే పన్ను కడితే 5 శాతం రాయితీ వస్తుంది. ఆ రాయితీని మాత్రం వదలకండి.

పన్నులో ఎంత భాగం మీ వార్డుకు తిరిగి వచ్చిందని అడగడం మానండి. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, 3 లక్షలూ అంతకు మించిన జనాభా ఉన్న ఊళ్లలో వార్డు కమిటీలు ఉండాలంది. అవి సరిగా కూర్చుంటే ఏ గల్లీకి ముందు, ఏ గల్లీకి తర్వాత అన్నది అందరి ముందూ తేలిపోతుంది. అప్పుడు మీకు తెలిసినవాళ్లుండి ప్రయోజనమేముంది?

8. ప్లాటు ధరలో కట్టిన రోడ్డు డబ్బును మర్చిపోండి

లేఅవుట్ వేసిన డెవలపరే రోడ్లు, మోరీలు, లైట్లు వేసి అప్పగించాలి. వేస్తాడన్న హామీగా నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ 15 శాతం ప్లాట్లను తనఖా పెట్టుకుంటుంది. పనులు పూర్తయ్యాకే వాటిని విడిపించాలి. అంటే మీ గల్లీ మొదటి రోడ్డు ఖరీదు మీరు ప్లాటు కొన్నప్పుడే ఇచ్చేశారు. ఆ రోడ్డు మీద కంకర ఎన్ని అంగుళాలు పడిందో చూడకుండా, ‘తనఖా విడిపించినా మాకు అభ్యంతరం లేదు’ అని సంఘం తరఫున సంతకం పెట్టేయండి. డెవలపర్ గుడి కట్టిస్తానన్నాడుగా.

మీది అనుమతి లేని లేఅవుట్ అయితే క్రమబద్ధీకరణలో ఖాళీ స్థలం వాటా కింద ప్లాటు విలువలో 14 శాతం చార్జీ ఉంటుంది. ఆ డబ్బు కాలనీల వసతుల కోసమే. అది కట్టిన రసీదును భద్రంగా దాచండి, అవసరమైనప్పుడు దొరకనంత భద్రంగా.

9. చందాల లెక్కను చివరిదాకా తేల్చకండి

ఒక్కోసారి సర్కారు సొమ్ము చాలక, ప్రజల వాటా కలుపుకోవాల్సి వస్తుంది. 1997లో మొదలైన జన్మభూమి రోజుల నుంచీ ఇది మనకు అలవాటే. ఇక్కడే మీ నాయకత్వ పటిమ బయటపడుతుంది. ఎవరెంత ఇవ్వాలి?

ఇంటికింత అంటే అపార్ట్‌మెంట్‌వాళ్లకు ఆనందం, ఇరవై ఫ్లాట్లు కలిపి ఒక ఇల్లేనంటారు. ఫ్లాటుకింత అంటే ఇండిపెండెంట్ ఇళ్లవాళ్లకు ఆనందం. ఇంటి ముందున్న అడుగుల లెక్కన అంటే కార్నర్ ప్లాటాయన లేచి నిలబడతాడు. రెండు వైపులా రోడ్డుందని కొన్నప్పుడు గజానికి ఎక్కువ పెట్టానని గర్వంగా చెప్పుకున్న మనిషే, ఇప్పుడు తనకు ఒకే గేటు ఉందంటాడు. కారుకింత అంటే రెండు కార్లాయన ఒక కారు అల్లుడిదంటాడు. గల్లీ మొదట్లో ఉన్నాయన, తాను పది అడుగులే వాడతాననీ, చివరి ఇంటాయన మొత్తం అరగదీస్తాడనీ అంటాడు. చివరి ఇంటాయన, తన ఇంటి ముందు నుంచి ఎవరూ పోరు కాబట్టి అక్కడ రోడ్డే అరగదంటాడు. అద్దెకున్నవాళ్లు ఓనర్ని అడగమంటారు. ఓనర్ డాలస్‌లో ఉంటాడు.

ఆ డాలస్ ఓనర్‌తో జాగ్రత్త. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఇంటి ముందు రోడ్డు తిరగవేస్తే, ముందు బహిరంగ విచారణ పెట్టి, ఇంటి ముందున్న అడుగుల లెక్కనో స్థలం లెక్కనో ఓనర్‌కే వాటా వేస్తారు. ఒకేసారి కట్టలేకపోతే ఏళ్ల మీద వాయిదాల్లో వడ్డీతో వసూలు చేస్తారు. అక్కడ అది నోరెత్తకుండా కట్టేవాడు, ఇక్కడ ఐదు వేలు అడిగితే, ‘అంకుల్, ట్రాన్స్‌పరెన్సీ ఏదీ?’ అంటాడు. ఆయన్ని వాట్సాప్ గ్రూపులో మ్యూట్ చేయండి.

సూత్రం ఏదో ముందే ప్రకటిస్తే అందరూ దాని మీద వాదిస్తారు. ముందు ఇచ్చినవాళ్ల దగ్గర ఇచ్చినంత వసూలు చేసి, వచ్చిన మొత్తాన్ని బట్టి సూత్రం తయారు చేయండి. రసీదు పుస్తకం అచ్చుకిచ్చామని చెప్పండి. ఇవ్వనివాళ్ల ఇంటి ముందు రోడ్డు వేయకుండా వదిలేస్తామని బెదిరించండి. నిజంగానే వదిలేసినా మంచిదే, గుంతలు అక్కడి నుంచి మొదలవుతాయి.

10. పెద్ద పనిని చిన్న ముక్కలు చేయండి

ఉమ్మడి రాష్ట్రంలో 2003 నుంచే టెండర్లు ఆన్‌లైన్‌కు ఎక్కాయి. ఎక్కడో ఉన్న కాంట్రాక్టర్ కూడా మీ గల్లీకి పోటీ పడవచ్చు. దీనికి విరుగుడు ముక్కలు చేయడం. మెడికల్ షాపు నుంచి వేపచెట్టు దాకా ఒక పని. వేపచెట్టు నుంచి వినాయకుడి మంటపం దాకా ఒకటి. మంటపం నుంచి చివరి గేటు దాకా మరొకటి. ఒక్కొక్కటీ నామినేషన్ మీద ఇవ్వగలిగినంత చిన్నది కావాలి. ముగ్గురు కాంట్రాక్టర్లు, మూడు మట్టాలు, మూడు మందాలు. ఆడిట్‌వాళ్లు అభ్యంతరం రాస్తారు. రాసేది వాళ్ల ఉద్యోగం. జవాబు రాసేటప్పటికి మీరూ, ఏఈ గారూ, రోడ్డూ అక్కడ ఉండరు.

టెండరే పిలవాల్సి వస్తే, అందరికన్నా తక్కువకు వేసినవాడిని చూసి సంబరపడండి. ఎస్టిమేట్ కన్నా బాగా తక్కువకు ఎలా చేస్తావని అడగకండి. సిమెంటు ధర అందరికీ ఒకటే, కంకర ధర అందరికీ ఒకటే. మిగులు ఎక్కడి నుంచి వస్తుందో రోడ్డే ఆర్నెల్లలో చెబుతుంది.

మూడో భాగం: పని జరిగేటప్పుడు

11. మార్చి నెలాఖరును వదులుకోవద్దు

ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది. నిధి మురిగిపోకూడదు. రోడ్డు మురిగినా పరవాలేదు. ఎండ మండే మధ్యాహ్నం రెడీమిక్స్ లారీ రప్పించండి. ట్రాఫిక్‌లో ఆలస్యమై మాల్ గట్టిపడితే, మేస్త్రీ పైపు అందుకుని నాలుగు బకెట్ల నీళ్లు కలుపుతాడు. చూడముచ్చటగా జారుతుంది. నీళ్లు పెరిగిన కొద్దీ బలం తగ్గుతుందని పుస్తకాలు చెబుతాయి. పుస్తకాలు పార పట్టలేదు.

సిమెంటు రోడ్డును కనీసం 14 రోజులు తడిగా ఉంచాలంటారు. 28 రోజులకు గానీ దాని బలం లెక్కకు రాదంటారు. వేసవిలో మన ఇంటి సంపులకే ట్యాంకర్ బుక్ చేస్తుంటే రోడ్డుకు నీళ్లెక్కడివి? రెండు గోనెసంచులు పరిచి ఫొటో తీయండి. మూడో రోజుకు అడ్డం కట్టిన తాడు తీసేసి కార్లు వదలండి. కొత్త రోడ్డు మీద మొదటి కారు మనదే అయితే ఆ సంతోషమే వేరు.

ఇక కోతలు. కాంక్రీటు ఎండేటప్పుడు ఎలాగూ పగులుతుంది. ఆ పగులు తిన్నగా రావాలని, నాలుగైదు మీటర్లకొకసారి మందంలో మూడో వంతో నాలుగో వంతో లోతున మిషన్‌తో కోత పెడతారు. మీరు పెట్టించొద్దు. పగలదలుచుకున్న రోడ్డుకు ఎక్కడ పగలాలో చెప్పడానికి మనమెవరం?

12. నాణ్యత పరీక్షించే తీరు

కొందరు 15 సెంటీమీటర్ల ఘనాల్లో మాల్ పోసి, ఏడో రోజున, ఇరవై ఎనిమిదో రోజున ల్యాబ్‌లో నొక్కించి చూస్తారు. వేసిన రోడ్డులోంచి గుండ్రంగా ముక్క కోసి మందం కొలుస్తారు. కొత్త రోడ్డుకు చిల్లు పెట్టడం అరిష్టం. మీరు చెప్పు తీసి మడమతో రెండుసార్లు తట్టండి. పక్కన నిలబడి ‘గట్టిగానే ఉందండీ’ అనే మనిషి ఒకరుంటే చాలు. ఎం-బుక్‌లో కొలతలు ఎక్కించేటప్పుడు మాత్రం ఆ దరిదాపుల్లో ఉండకండి. కొలిచేవాళ్లకు సిగ్గేస్తుంది.

13. స్పీడ్ బ్రేకర్లు, చెట్లు

నివాస వీధిలో స్పీడ్ బ్రేకర్ అంటే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, బండి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో సాఫీగా దాటాలని ఐఆర్‌సీ 99 కొలత ఇచ్చింది. ఇంత వెడల్పు దిమ్మెకు మాల్ ఎంత దండగ! మిగిలిన మాల్‌తో జానెడు వెడల్పు, మోకాలెత్తు గోడ కట్టించండి. సంఘ కార్యవర్గ సభ్యుల ఇళ్ల ముందు తలా ఒకటి. అంబులెన్స్‌లో పోయేవాడు గతుకులో లేచి కూర్చుంటే అదీ వైద్యమే.

చెట్టు మొదలు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లో ఢిల్లీకి ఆదేశమిచ్చింది. మనది ఢిల్లీ కాదు. మొదలు దాకా బిగించేయండి. చెట్టు రెండు వానాకాలాల తర్వాత ఎవరి కారు మీదైనా వాలితే, ఆ చోటు పార్కింగ్‌కు వస్తుంది.

నాలుగో భాగం: రోడ్డు పడ్డాక

14. కటింగ్‌కు స్వాగతం పలకండి

రోడ్డు పడబోతోందని ముందే తెలిస్తే నల్లా కనెక్షన్, డ్రైనేజీ కనెక్షన్ కావాల్సినవాళ్లు ముందే వేయించుకుంటారు. అందుకే ఎవరికీ నోటీసు ఇవ్వొద్దు. పడిన పదో రోజున గ్యాస్ పైపువాళ్లు వస్తారు. తర్వాత ఇంటర్నెట్‌వాళ్లు. ఆ తర్వాత మూలన కొత్త అపార్ట్‌మెంట్ బిల్డర్. అతను పగలు అనుమతికి దరఖాస్తు పెట్టి రాత్రి తవ్వుతాడు. తవ్విన కందకంలో మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి నింపాలి. ఒకేసారి తోసి పైన సిమెంటు పూసేస్తే మొదటి వానకే దిగిపోతుంది. మీకు కావలసింది రెండోదే.

ఇందులో ఇంకో లాభం ఉంది. పని పూర్తయ్యాక కొంతకాలం దాకా లోపాలుంటే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో సరిచేయాలని ఒప్పందంలో ఉంటుంది. రోడ్డు మధ్యలో ఎవరో తవ్విన గాటు ఉంటే, ‘మీరే పాడు చేశారు’ అని ఆయన ఒక్క ముక్కలో బాధ్యత వదిలించుకోవచ్చు. ఆయన హాయిగా ఉంటాడు. వచ్చేసారి వినాయక చవితికి చందా ఇస్తాడు.

సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: మా ఏఈ గారు ముందు డ్రైనేజీ లైను మార్చి, ఆ తర్వాతే రోడ్డు వేద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆయన మంచివారు. సన్మానం చేసి, శాలువా కప్పి, బదిలీ అయ్యేదాకా ఆగండి. ఎక్కువ కాలం ఆగనక్కర్లేదు.

ప్రశ్న: సమాచార హక్కు కింద రోడ్డు వివరాలు అడగొచ్చా?

జవాబు: అడగొచ్చు. ఎస్టిమేట్, ఎం-బుక్ నకళ్లే కాదు, పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా 2005 నాటి ఆ చట్టంలోనే ఉన్నాయి. ఈ జవాబు చదివాక ఈ పేజీ చింపేయండి.

ప్రశ్న: మా పక్క గల్లీవాళ్లు అన్ని లైన్లూ మార్చుకుని, ర్యాంపులు తీయించుకుని, ఏడాది ఆగి రోడ్డు వేయించుకున్నారు. ఏళ్లు గడిచినా చెక్కుచెదరలేదు. మాకు నామోషీగా ఉంది.

జవాబు: ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. వాళ్ల శిలాఫలకం మీద పేర్లు చూడండి. అందులో సగంమంది ఇప్పుడు పదవిలో లేరు. మీ గల్లీలో అయితే ప్రతి ఎన్నికకూ కొత్త పేర్లే.

ప్రశ్న: మూడేళ్లకోసారి వేస్తే, ఒకసారి బాగా వేసినదానికన్నా ఖర్చు ఎక్కువ కాదా?

జవాబు: అవుతుంది. కానీ ఒకేసారి పెద్ద మొత్తం కనబడితే జనం ప్రశ్నిస్తారు. చిన్న మొత్తం పదేపదే కనబడితే చప్పట్లు కొడతారు.

15. చివరి సలహా

ఈ రోడ్డు ఎస్టిమేట్‌ను నాలుగు కాపీలు జిరాక్స్ తీయించి సంఘం బీరువాలో పెట్టండి. గల్లీ పొడవు మారదు, వెడల్పు ఎలాగూ తగ్గుతుందే గానీ పెరగదు, కారణాల గడిలో ‘రోడ్డు పూర్తిగా దెబ్బతిన్నది’ అని రాసే ఉంది. వచ్చేసారి రేట్లు, తేదీ దిద్దుకుంటే చాలు.